యవన శబ్దం వెంట ఒక పగటి యాత్ర

గ్రీసు, రోము దేశాల ప్రాచీన శిథిలాలను ఒక్క పగటిలో చూపి తీసుకువచ్చే యాత్రలు ఈనాడు సర్వసాధారణమైనవి. ఉదయం ఏథెన్సులో బస్సెక్కినవాడు డెల్ఫీ కొండవాలున నిలిచిన ఆలయ స్తంభాలను చూసి రాత్రికి తిరిగి రాగలడు. రోములో ఫలహారం చేసినవాడు పాంపే వీధుల్లో నడిచి రాత్రి భోజనానికి మళ్లీ రోము చేరగలడు. నల్లగొండ, పాలమూరు జిల్లాల నుండి విదేశాలకు వెళ్లిన పిల్లలు పంపే ఫొటోలలో ఆ స్తంభాలు, ఆ వీధులు తరచు కనిపిస్తున్నవి. వాటిని చూసి మన విద్యార్థులు "అక్కడ ఇన్ని ఉన్నవి, ఇక్కడ ఏమున్నది?" అని అడగడం సహజమే. ఆ ప్రశ్నను నేను ఆక్షేపించను. అటువంటి ఒక్కరోజు యాత్రలను మన ప్రాచ్య కళాశాలలు కూడా ఏటేటా జరుపుతున్నవి. వాటిని మనం జరిపే తీరే నా చింతకు కారణం.

దేవరకొండ నుండి బయలుదేరే యాత్ర ఎట్లా ఉంటుందో ఈ పత్రిక పాఠకులలో చాలామందికి అనుభవమే. తెల్లవారకముందే బస్సు వస్తుంది. ఎండ ముదరకముందు ఊరి కోట చూడాలని మొదట అటు వెళతాము. సగం మంది రెండవ ద్వారం దగ్గరనే కూర్చుంటారు. అక్కడి నుండి కొండమల్లేపల్లి మీదుగా నాగార్జునసాగరం, ఆనకట్ట దగ్గర ఫొటోలు, లాంచీ కోసం నిరీక్షణ, నీటి మీద ఇంచుమించు గంట ప్రయాణం, ద్వీపం మీది మ్యూజియంలో అరగంట, తిరిగి లాంచీ. పొద్దు ఉంటే అనుపు, ఇంకా ఉంటే ఎత్తిపోతల. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. మరునాడు తరగతిలో ఏమి చూశారని అడిగితే అందరికీ జ్ఞాపకముండేది ఎత్తిపోతల. అది పిల్లల తప్పు కాదు. జలపాతం దగ్గర వారికి ఏమి చేయాలో తెలుసు, శాసనం దగ్గర ఏమి చేయాలో మనం చెప్పలేదు.

కొన్నేళ్ల క్రిందట ఇటువంటి యాత్రలోనే ఒక విద్యార్థిని మ్యూజియంలో నన్ను నిలిపి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. అక్కడ తోటివారికి వివరిస్తున్న ఒకాయన మాటల్లో ఆమెకు 'యవనులు' అన్న మాట వినిపించింది. "సార్, యవనులంటే ముసల్మానులు కదా? ఇంత పాతకాలంలో వాళ్లు ఇక్కడికి ఎట్లా వచ్చిండ్రు?" అని అడిగింది. ఆమె భాషాప్రవీణ చదువుతున్నది. పద్యం చక్కగా చదువగలదు. ఆమె అన్నది పూర్తిగా పొరపాటు కూడా కాదు. తెలుగు కావ్యాలలో, కైఫీయతులలో, చాటువులలో ఆమె చూసిన యవనులు ఢిల్లీ, గుల్బర్గా, గోలకొండ సుల్తానుల వారే. కాని ఆ మాటకు అంతకు వెయ్యేళ్ల ముందటి జీవితం ఒకటి ఉన్నదని, ఆ జీవితపు సాక్ష్యం తాను నిలుచున్న నేల మీదనే ఉన్నదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన ఎవరూలో మొదటివాణ్ణి నేనే. లాంచీ కూత వేసింది. "తర్వాత చెబుతానమ్మా" అన్నాను. నేటికీ ఆ మాట ముల్లువలె గుచ్చుతున్నది.

నిజానికి యవన శబ్దంతో మనకున్నంత పరిచయం చరిత్ర శాఖ వారికి కూడా ఉండదు. స్త్రీ ప్రత్యయాలు చెప్పేటప్పుడు ఇంద్ర, వరుణాది శబ్దాలతో పాటు యవన శబ్దానికి పాణిని ఆనుగాగమం విధించిన సూత్రం ఏటేటా పాఠమవుతున్నది. అక్కడ వార్తికకారుడు 'యవనానీ' అంటే యవనుల లిపి అని అర్థ నియమం చేశాడు. యవనుని భార్య యవని అవుతుంది, యవనుల లిపి యవనాని అవుతుంది. ప్రత్యయ భేదాన్ని పిల్లలు కంఠస్థం చేస్తారు. ఆ లిపి ఏ లిపి, దానిని ఎవరు వ్రాశారు, వ్యాకర్తకు దాని ప్రసక్తి ఎందుకు వచ్చింది అని ఒక్కరూ అడగరు, మనం ఆగము. మహాభాష్యంలో లఙ్ లకారానికి ఉదాహరణగా యవనుడు సాకేతాన్ని ముట్టడించిన వార్త వస్తుంది. దానిని కూడా లకారార్థం కొరకే చెప్పి ముందుకు సాగుతాము. శాకుంతలం రెండవ అంకంలో వేటకు వెళ్లే రాజు చుట్టూ యవన స్త్రీలు ఉంటారు. మాళవికాగ్నిమిత్రంలో అశ్వమేధాశ్వాన్ని కాపాడే వసుమిత్రుడు సింధుతీరాన యవనులతో పోరాడతాడు. వరాహమిహిరుడు యవనులను మ్లేచ్ఛులంటూనే, జ్యోతిశ్శాస్త్రం వారి యందు చక్కగా నెలకొని ఉన్నది గనుక వారు ఋషులవలె పూజ్యులని గౌరవించాడు. ఆయన పంచసిద్ధాంతికలో రోమక సిద్ధాంతం ఒకటి, పౌలిశ సిద్ధాంతం ఒకటి.

అంతకన్న దగ్గరి సాక్ష్యం పంచాంగంలో ఉన్నది. హోర, కేంద్రము, లిప్త, ద్రేక్కాణము, జామిత్రము, పణఫరము, ఆపోక్లిమము ఇవన్నీ గ్రీకు మాటలే సంస్కృత వేషంలో మన ఇండ్లకు వచ్చినవి. పెండ్లి ముహూర్తానికి జామిత్ర శుద్ధి చూసే సిద్ధాంతిగారు తనకు తెలియకుండానే గ్రీకు పదం పలుకుతున్నారు. వారికి ఇది చెబితే కొందరు కోపగిస్తారు, కొందరు నవ్వి ఊరుకుంటారు. ఒక పెద్దాయన మాత్రం "అయితే ఏమి నాయనా, అరువు తెచ్చుకున్నది తీర్చివేశాముగా" అన్నారు. వారి మాటలో న్యాయమున్నది. హోరా శాస్త్రాన్ని తెచ్చుకొని దానికి దశలను, అష్టకవర్గును కూర్చి పెంచినవారు మనవారే.

ఇక నాణెం. దీనార శబ్దం రోమకుల దెనారియస్ నుండి వచ్చినదని కోశకారులందరూ అంగీకరించినదే. అమరసింహుడు నిష్క శబ్దానికి దీనారమన్న అర్థాన్ని కూడా చెప్పాడు. మన శ్రీనాథుని కనకాభిషేకం దీనార టంకాలతో జరిగినదని ప్రసిద్ధి. పదునైదవ శతాబ్దిలో ఆ మాట వాడిన తెలుగు కవికి రోము పేరు తెలిసి ఉండనక్కరలేదు. మాట అంతగా మనదైపోయినది. అయితే తెలుగు నేల మీద ఆ మాట శిలాక్షరమైన చోటు విజయపురి. వీరపురుషదత్తుని ఆరవ రాజ్యవర్షంలో మహాచైత్యం వద్ద స్తంభాలు ఎత్తించినప్పుడు, ఉజ్జయినీ మహారాజు కుమార్తె అయిన మహాదేవి రుద్రధర భట్టారిక ఒక శిలాస్తంభాన్ని, నూట డెబ్బది దినారి మాసకాలను దానమిచ్చినది. శాసనం ప్రాకృతం. సంఖ్య స్పష్టంగా ఉన్నది. అవి రోము నుండి వచ్చిన నాణెములేనా, ఆ పేరుతో ఇక్కడ చలామణి అయిన లెక్కయా అన్నది విచారింపదగిన విషయమే. కాని మాట వచ్చిన దారిలో సందేహం లేదు.

ఆ దారి కల్పితం కాదనడానికి మన జిల్లా మట్టియే సాక్షి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన నిధిలో 1531 రోమక వెండి నాణెములు ఉన్నవి. భారతదేశంతో వర్తకం వల్ల ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు రోము నుండి తరలిపోతున్నవని మొదటి శతాబ్దిలో ప్లినీ వాపోయాడు. ఎరిత్రియన్ సముద్ర యానాన్ని వ్రాసిన అజ్ఞాత నావికుడు మసాలియా తీరపు సన్నని నూలు వస్త్రాలను పేర్కొన్నాడు. మనం మచిలీపట్టణపు ప్రాంతమని చెప్పుకునే తీరమే అది. టాలెమీ కృష్ణానదిని మైసోలస్ అన్నాడు. వెళ్లినది వస్త్రము, మిరియము మాత్రమే కాదు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద క్రింద పూడిపోయిన పాంపే నగరంలో 1938లో ఒక దంతపు స్త్రీమూర్తి బయటపడింది. నగలు, జడ, నిలుచున్న భంగిమ అన్నీ భారతీయమే. నేడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్నది. పాంపేను ఒక్క పూటలో చూసివచ్చే మన పిల్లలు ఆ బొమ్మను చూడకుండానే వస్తున్నారు. అది పాంపేలో కాక నేపుల్స్‌లో ఉండటమే కారణం. అక్కడి పగటి యాత్రలకు కూడా మన యాత్రల రోగమే ఉన్నదన్న మాట.

విజయపురి శాసనాలలో యవనులు పేరెత్తి కనిపించే చోట్లు రెండున్నవి. వీరపురుషదత్తుని పదునాలుగవ ఏట బోధిసిరి అనే ఉపాసిక చుల్లధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి సింహళపు థేరవాద ఆచార్యులకు అర్పించినది. ఆ ఆచార్యులు ప్రసన్నం చేసిన దేశాల పట్టికలో కాశ్మీర, గాంధార, చీన, చిలాత, తోసలి, అపరాంత, వంగ, వనవాసి తర్వాత యవన, ఆ తర్వాత దమిళ, పలూర, తామ్రపర్ణి ఉన్నవి. రెండవది ఆభీర వసుసేనుని ముప్పదవ సంవత్సరపు శాసనం. సేడగిరి మీద అష్టభుజస్వామి ప్రతిష్ఠకు సంబంధించిన ఆ శాసనంలో అవంతి శకునితో, వనవాసి శాతకర్ణితో పాటు సంజయపురి యోనరాజుల ప్రస్తావన వస్తుంది. యవనులు ఒకచోట బౌద్ధ చైత్యంతో, మరొకచోట విష్ణుమూర్తితో ముడిపడి కనిపిస్తున్నారు. పశ్చిమాన కార్లే గుహలలో ధేనుకాకటపు యవనులు స్తంభాలు దానం చేసిన సంగతి విజ్ఞులకు తెలిసినదే. వారిలో కొందరి పేర్లు చక్కని ప్రాకృతపు పేర్లు. యవనుడంటే ఓడ దిగి సరకు దించి వెళ్లిపోయే పరదేశి అని మాత్రమే అనుకోవడానికి వీలులేదు. అన్ని శాసనాలలోని యవనులు గ్రీకు దేశంలో పుట్టినవారే అని చెప్పడానికి కూడా వీలులేదు. ఈ రెండు అతులకూ నడుమ పిల్లలకు పాఠం చెప్పడం కష్టమే. కాని చెప్పదగిన పాఠం అదే.

అతుల సంగతి వచ్చినది గనుక అనుపులోని రంగస్థలం గురించి ఒక మాట. నాలుగు వైపులా మెట్లు, నడుమ పల్లపు రంగం, మీద హారీతీ ఆలయం. అక్కడికి వెళ్లిన ప్రతి బస్సులోనూ "ఇది రోమన్ స్టేడియం, మల్లయుద్ధాలు జరిగేవి" అని ఎవరో ఒకరు చెబుతారు. పిల్లలు మెట్ల మీద కూర్చుండి చప్పట్లు కొట్టి ధ్వని పరీక్షిస్తారు. రోమకుల యాంఫీథియేటర్లు అండాకారమైనవి. గ్రీకుల ప్రేక్షక స్థానాలు కొండవాలున అర్ధచంద్రాకారంగా మలచినవి. ఇది నాలుగు పలకల కట్టడం. భరతుడు నాట్యశాస్త్రం రెండవ అధ్యాయంలో వికృష్ట, చతురశ్ర, త్ర్యశ్ర మండపాలను చెబుతూ, ప్రేక్షకుల ఆసనాలు ఇటుకతోను కొయ్యతోను సోపానాకృతిలో ఉండాలని విధించాడు. అనుపు మెట్లు కూడా ఇటుకతో కట్టి పైన రాతి పలకలు పరచినవే. ఈ మాట రోము రోము అని కలవరించే వారికి చెప్పవలసినది. అయితే భరతుని మండపం కప్పుతో కూడినది, ఇది బయలు. కనుక ఇది భరతుని నాట్యమండపమేనని ఢంకా బజాయించే మన పక్షం వారికి కూడా అంతే బిగ్గరగా సమాధానం చెప్పవలసి ఉంటుంది. నాకు తోచినంతవరకు, ఒకరి రంగాన్ని చూసినవారి మాట విని, తమ ఇటుక పనితనం, తమ సోపాన సంప్రదాయం తెలిసిన శిల్పులు కట్టిన కట్టడం కావచ్చును. ఇది ఊహ. కాని నాట్యశాస్త్రం రెండవ అధ్యాయాన్ని ఆ మెట్ల మీద కూర్చుండి చదివితే ఊహకు ఆధారం దొరుకుతుంది, లేదా అది కూలిపోతుంది. ఏది జరిగినా విద్యార్థికి మేలే. ఇక్ష్వాకుల ప్రాసాద స్థలంలో దొరికిన శిల్పాలలో, గడ్డంతో, అర్ధనగ్నంగా, చేత కొమ్ముపాత్ర పట్టుకొని ఉన్న మూర్తిని కొందరు పండితులు గ్రీకుల మధుదేవత దియొనిసస్ అని గుర్తించారు. ఆ బొమ్మ ముందు మాత్రం వాదించే పని తక్కువ. ఆ కొమ్ముపాత్ర మన ఇంటి చెంబు కాదు.

ఇంతకూ అనుపులో మనం చూసేది తరలించి పేర్చిన కట్టడం అన్న సంగతి పిల్లలకు చెప్పడం మరచిపోతాము. 1926లో మద్రాసు శాసన శాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి ఈ లోయలోని శిథిలాలను గుర్తించారు. లాంగ్‌హర్స్ట్, ఆ తర్వాత టి. ఎన్. రామచంద్రన్ త్రవ్వించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. అంతకు ఏడాది ముందుగానే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ అంతటా త్రవ్వకాలు ఆరంభమై 1960 వరకు నడిచినవి. నూరుకు పైగా స్థలాలను వెలికితీసి, కొన్నింటిని రాయి రాయి విప్పి ద్వీపం మీద, అనుపులో మళ్లీ పేర్చారు. తక్కినవి నీట మునిగినవి. చాంతమూలుడు అశ్వమేధం చేసి అవభృథ స్నానమాడినదని భావించే కుండం మూలస్థానం నేడు జలగర్భం. పాంపే బూడిద క్రింద దాగి మళ్లీ వెలుగు చూసింది. విజయపురి వెలుగు చూసిన ముప్పది నలభై ఏండ్లకే నీటి క్రిందికి వెళ్లింది. సాగరం నీళ్లు త్రాగి, ఆ నీళ్లతో పండిన అన్నం తిని ఈ మాట అంటున్నాను గనుక ఇందులో నింద లేదు. కాని లెక్క లెక్కయే.

ఆ లెక్కలో దేవరకొండ వాటా ఒకటున్నది. నాగార్జునకొండకు ఎదురుగా, కృష్ణకు ఈవల ఒడ్డున, మన దేవరకొండ తాలూకాలో ఏలేశ్వరం ఉండేది. శ్రీశైలానికి ఉపద్వారమని ప్రసిద్ధికెక్కిన క్షేత్రం. నీరు చేరకముందు రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ త్రవ్వించింది. మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ నివేదిక 1963లో వెలువడింది. రాకాసి గుళ్ల కాలం నుండి ఇక్ష్వాకుల వరకు, ఆపైన దేవాలయాల వరకు పొరలు పొరలుగా మనుషులు నివసించిన చోటు అది. నాగార్జునకొండ పేరు పాఠ్యపుస్తకాలలో ఉన్నది, ఏలేశ్వరం పేరు మన కళాశాలలో ఉపాధ్యాయులకు కూడా తెలియదు. ఊరు మునిగినా, గట్టు మీది మల్లన్న దగ్గరకు శివరాత్రినాడు జనం నీటి మీద వెళుతూనే ఉన్నారు. ఒకసారి లాంచీ రేవు దగ్గర మాతో పాటు కూర్చున్న ముసలాయన ఒకరు చేయి చాపి, "మా ఊరు గా నీళ్లల్ల ఉన్నది సారూ. మా నాయన నన్ను భుజం మీద ఎత్తుకొని బయటికి తెచ్చిండు" అన్నాడు. నా వెంట నలభై మంది పిల్లలున్నారు. వారిలో ఇద్దరు ముగ్గురు ఆయన మాట విన్నారు. తక్కినవారు అద్దాల పెట్టెలలోని వస్తువులను చూడటానికి తొందరపడుతున్నారు.

దేవరకొండ కోట గురించి విడిగా వ్రాయవలసినది చాలా ఉన్నది. ఇక్కడ యవన శబ్దానికి కావలసినంత మాత్రమే చెబుతాను. రేచర్ల పద్మనాయకులలో అనపోతనాయకుని శాఖ రాచకొండను, మాదానాయకుని శాఖ దేవరకొండను ఏలినవి. రసార్ణవ సుధాకరం రాచకొండ ప్రభువు సింగభూపాలునిది. సంస్కృతంలో లక్షణదీపిక, తెలుగులో హరిశ్చంద్రోపాఖ్యానం వ్రాసిన గౌరన వంశం ఈ పద్మనాయకుల కొలువున మంత్రిత్వం నెరపినది. ఈ ప్రభువులు బహమనీ సుల్తానులతో ఒకప్పుడు మైత్రి, ఒకప్పుడు వైరం నడిపినారు. వారి కాలానికి యవన శబ్దం అర్థం మార్చుకొని సుల్తానుల వారిని చెప్పే మాట అయినది. శత్రువును యవనుడన్న కలమే మిత్రుణ్ణి కూడా యవనుడన్నది. అది తిట్టు కాదు, పడమటి నుండి వచ్చినవాడని మాత్రమే అర్థం. ఇది గ్రహించని విద్యార్థి మధ్యకాలపు తెలుగును తప్పుగా చదువుతాడు. తప్పుగా చదివినవాడు తన ఊరిని, తన పొరుగువానిని కూడా తప్పుగానే చూస్తాడు. మ్యూజియంలో ఆ అమ్మాయి ప్రశ్నకు ఆనాడే సమాధానం చెప్పి ఉండవలసినదని నేను అనుకోవడానికి ఇదే హేతువు.

కనుక నా మనవి ఒక్కటే. దేవరకొండ కోటలో ఆరంభించి నాగార్జునకొండలో ముగిసే ఒక్కరోజు యాత్ర, ఒక్క మాట వెంట నడవాలి. కోటలో పదునైదవ శతాబ్ది యవనుడు, ద్వీపంలో మూడవ శతాబ్ది యవనుడు. నడుమ బస్సులో పాణిని, పతంజలి, వరాహమిహిరుడు. అంతే చాలు. ఎత్తిపోతల వద్దు. ఆనకట్ట దగ్గర ఫొటోలు పది నిమిషాలు. యాత్రకు వారం ముందు తరగతిలో ఎపిగ్రాఫియా ఇండికా ఇరువదవ, ఇరువదియొకటవ సంపుటాలలో వోగెల్ ప్రకటించిన విజయపురి శాసనాల పాఠం జిరాక్సు తీసి అందరికీ ఇవ్వాలి. ప్రాకృతానికి సంస్కృత ఛాయ వ్రాయించాలి. మన విద్యార్థులకు ప్రాకృతం రాదన్న ఆక్షేపణ వస్తుంది. నిజమే. శాకుంతలంలో ప్రియంవద, అనసూయల మాటలు వచ్చినప్పుడు మనం ప్రాకృతాన్ని దాటవేసి ఛాయ మాత్రమే చదువుకొని సాగుతున్నాము. నాటకంలో స్త్రీలు, విదూషకుడు మాట్లాడే భాష అది, పరీక్షలో రాదు అని చెబుతున్నాము. విజయపురిలో రాణులే కాదు, రాజులు కూడా రాతి మీద ఆ భాషే మాట్లాడినారు. తర్వాత ఎహువుల చాంతమూలుని కాలంలో సంస్కృతం అదే రాతి మీదికి వచ్చింది. ప్రాకృతం నుండి సంస్కృతానికి శాసన భాష మారుతున్న మలుపును కంటితో చూడగలిగిన చోటు మన బస్సు రెండు గంటలలో చేరగల దూరంలో ఉన్నది. దాని ముందు నిలబడి ఛాయ వ్రాసినవాడు ఇక శాకుంతలంలో ప్రాకృతాన్ని దాటవేయడు.

ఇది చరిత్ర శాఖ పని అని కొందరు మిత్రులు అంటారు. వారితో నాకు పేచీ లేదు. ఇటుక కొలత, మట్టి పొర, నాణెం తేదీ వారు చూస్తారు. కాని శాసనంలో ఒక విభక్తి తప్పు చదివితే దాత గ్రహీత అవుతాడు, గ్రహీత దాత అవుతాడు. ఆ విభక్తిని చూడవలసినవాళ్లం మనం. బోధిసిరి శాసనంలో ఆ పన్నెండు దేశాల పేర్లు సమాసంలో దేనికి విశేషణమో నిర్ణయించకుండా యవన సన్న్యాసులు విజయపురిలో నివసించారని వ్రాసిన వ్యాసాలు నేను చూశాను. ఆచార్యులు ఆ దేశాలవారా, ఆ దేశాలవారిని ప్రసన్నం చేసినవారా? సమాస విగ్రహం తెలిసినవాడు అడగవలసిన ప్రశ్న ఇది. మన పని మనం మానుకొని చరిత్రకారులను ఆక్షేపించడం తగదు.

ఖర్చు మాట కూడా రావచ్చు. యాత్ర ఖర్చు పెరగదు, ఎత్తిపోతల దారి తగ్గినందుకు డీజిలు మిగులుతుంది కూడా. లాంచీ ఎప్పుడు బయలుదేరుతుందో, నీరు తగ్గితే అసలు నడుస్తుందో లేదో ముందురోజు విచారించుకోవాలి. 2014 తర్వాత కోట ఒక రాష్ట్రంలో, ద్వీపం మరొక రాష్ట్రంలో ఉన్నవి గనుక ఉత్తరాలు రెండు చోట్లకు వ్రాయాలి. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది. ఇది తెలియక ఒకసారి అందరం ద్వీపం చుట్టూ తిరిగి వచ్చాము. కళాశాల కార్యాలయాన్ని ఏమీ అనను, తేదీ నిర్ణయించినది నేనే.

ఈసారి యాత్రకు ముందు తరగతిలో మాటలు పంచాను. ఒక్కొక్కరికి ఒక్క మాట. దాని వెంట వారు యాత్ర అంతా నడిచి, ఎక్కడ దొరికినా వ్రాసుకోవాలి, తిరిగి వచ్చాక పది నిమిషాలు చెప్పాలి. దినారి ఒకరికి, మహాతలవర ఒకరికి. తలవర నుండి మన తలారి వరకు వచ్చిన దారిని పండితులు చర్చించినారు గనుక అది తెలుగు తరగతి వారికి ఇచ్చాను. ఆయక, థంభ, చేతియఘర, ఉపాసిక, అన్నీ పోయినవి. మునిగిన ఊరి నుండి వచ్చిన ఇంటి పిల్లవాడొకడు ఏలేశ్వరం పేరు తనకు కావాలన్నాడు. అది శాసనంలో మాట కాదన్నాను. వాళ్ల తాతను అడిగి వస్తానన్నాడు. ఇచ్చాను. యవన మాత్రం ఎవరికివ్వాలో ఇంకా నిర్ణయించలేదు. అడిగినవారు ముగ్గురున్నారు.